చూడని పేరా ముందు తడబాటు ఎందుకు?

గైడు మొత్తం అప్పజెప్పే పిల్లలు గైడులో లేని నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతున్నారు. మన పదో తరగతి నుంచి బ్యాంకు ఉద్యోగం దాకా, కోటి మందికి పైగా చైనా పిల్లలు రాసే గావ్‌కావ్ దాకా పరీక్షలన్నీ అడుగుతున్నది ఒకటే: ఎన్నడూ చూడని పేజీ చేతికిస్తే చదివి అర్థం చేసుకోగలవా? ఆ శక్తి కోచింగ్ సెంటర్లో ఆరు నెలల్లో వచ్చేది కాదు. మన నంద్యాల జిల్లా మహానంది, ఆళ్లగడ్డ ఊళ్ల బడుల్లో ఆరో తరగతిలోనే దానికి పునాది పడాలి.

నంద్యాల అనగానే బయటి జిల్లాల భక్తులకు నవనందులు గుర్తుకొస్తాయి. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకు మాత్రం ముందు గుర్తుకొచ్చేది బ్యాంకు కోచింగ్. శ్రీ గురు రాఘవేంద్ర బ్యాంకు కోచింగ్ సెంటర్ పేరు బ్యాంకు పరీక్షలు రాసే తెలుగు పిల్లలకు బాగా తెలుసు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, నలుగురైదుగురు కలిసి రూము తీసుకుని, మెస్సులో తింటూ నెలల తరబడి ఇక్కడే ఉండి చదువుతారు. వాళ్లలో రైతుల బిడ్డలున్నారు, కూలీల బిడ్డలున్నారు, ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లున్నారు.

ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. అందులో ఇంగ్లిష్ వాటా 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకు 40 సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు కోత. ఆ 20 నిమిషాల్లోనే ప్యాసేజ్ చదవాలి, క్లోజ్ టెస్ట్ పూర్తిచేయాలి, చెదిరిన వాక్యాలను వరసలో పెట్టాలి. లెక్కలకు షార్ట్‌కట్ ఉంది. రీజనింగ్‌కు పద్ధతి ఉంది. గ్రామర్ బిట్లకు రూలు ఉంది. పిల్లలు ‘ఆర్‌సీ’ అని పిలుచుకునే రీడింగ్ కాంప్రహెన్షన్‌కు మాత్రం అలాంటి దగ్గరి దారి లేదు. వచ్చే పేరా దేని గురించో ముందు తెలియదు. టెన్సులు, ఆర్టికల్స్ చకచకా పెట్టేసిన చెయ్యి అక్కడికొచ్చి ఆగుతుంది. మూడు వాక్యాలు చదివి మళ్లీ మొదటికి వెళ్తారు. గడియారం పరుగెత్తుతుంటుంది.

ఇది తెలివి లోపం కానే కాదు. పదిహేనేళ్ల చదువులో ఎవరూ వాళ్లకు చూడని పేజీ ఇచ్చి, ‘నువ్వే చదువుకో, నీకేం అర్థమైందో చెప్పు’ అనలేదు. ఇరవై రెండేళ్ల వయసులో నంద్యాల రూముల్లో కూర్చుని కష్టపడి నేర్చుకుంటున్న ఈ విద్య పన్నెండేళ్లకే సొంత ఊరి బడిలో అబ్బాల్సింది. ఈ కథనం చెప్పదలచుకున్నది అదే.

ముప్పై మార్కులు, ఎన్నో సబ్జెక్టులు

మన పదో తరగతి ఇంగ్లిష్ పేపరు 100 మార్కులకు. అందులో చదివి అర్థం చేసుకునే భాగానికి 30, వొకాబ్యులరీ, గ్రామర్‌కు 40, సొంతంగా రాసే భాగానికి 30. చదివే భాగంలో పాఠంలోని పేరా వస్తుంది, పద్యం వస్తుంది, పాఠంలో లేని అన్‌సీన్ ప్యాసేజ్ వస్తుంది, పట్టికో గ్రాఫో ఇచ్చి అడిగే ప్రశ్నలు వస్తాయి. 2024-25 నుంచి పదో తరగతిలోకి ఎన్‌సీఈఆర్‌టీ వారి ‘ఫస్ట్ ఫ్లైట్’, ‘ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్’ పుస్తకాలు వచ్చాయి. పాఠాలు పెద్దవి, భాష బరువు.

ఇంగ్లిష్ పేపరు ఒక్కదానితో పోయేదైతే ఇంత చర్చ అక్కర్లేదు. 2025 మార్చిలో రాష్ట్రంలో పదో తరగతి రాసిన రెగ్యులర్ విద్యార్థుల్లో ఐదున్నర లక్షలకు పైగా ఇంగ్లిష్ మీడియం వాళ్లే. తెలుగు మీడియంలో రాసింది యాభై వేల పైచిలుకు. అంటే సోషల్‌లో కరువు గురించి చదివినా, ఫిజిక్స్‌లో కటకం గురించి చదివినా, బయాలజీలో మూత్రపిండం గురించి చదివినా ఆ చదవడమంతా ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ పేరా అర్థంకాని విద్యార్థికి తక్కువ వచ్చేది ఒక్క సబ్జెక్టులో కాదు, ఇంగ్లిష్‌లో చదివే ప్రతి సబ్జెక్టులోనూ కొంత కొంత పోతుంది. ఆ పోయినదాన్ని మనం ‘వీడికి సైన్స్ రాదు’ అని మరో ఖాతాలో రాసేస్తున్నాం.

ఇంటర్ తర్వాత కథ ఇంకా గట్టిది. ఈఏపీసెట్‌లో 3 గంటలకు 160 ప్రశ్నలు. నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. అందులో నాలుగైదు వరసల స్టేట్‌మెంట్లు ఇచ్చి ‘వీటిలో సరైనవి ఏవి’ అనే ప్రశ్నలుంటాయి. జవాబు తెలిసీ, ప్రశ్నలోని ‘నాట్’ను, ‘ఎక్సెప్ట్’ను కన్ను దాటేసి పోగొట్టుకున్న మార్కులకు లెక్క ఎవరి దగ్గరా ఉండదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్ల కోసం 2022లో మొదలైన సీయూఈటీ ఇంగ్లిష్ పేపర్లో సమాచారం ఇచ్చే పేరా, కథ చెప్పే పేరా, సాహిత్య పేరా అని మూడు రకాలుగా అడుగుతారు. లా చదవాలనుకునేవాళ్లు రాసే క్లాట్ 2020 నుంచి పూర్తిగా ప్యాసేజ్‌ల మీదే నడుస్తోంది. ఒక్కో ప్యాసేజ్ 450 పదాల దాకా ఉంటుంది. పేర్లు వేరు, ఫీజులు వేరు. అడుగున ఉన్న పరీక్ష ఒక్కటే.

మూడు వాక్యాల ప్రయోగం

మన తరగతి గదుల్లో పిల్లలు ఒక కిటుకు కనిపెట్టుకున్నారు. ప్రశ్నలోని పెద్ద మాట ఏదో చూస్తారు, పేరాలో ఆ మాట ఎక్కడుందో వెతుకుతారు, ఆ వాక్యం మొత్తం ఎత్తి జవాబు కింద రాసేస్తారు. సగం ప్రశ్నలకు మార్కులు పడతాయి కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఆ కిటుకు ఎంతవరకు పనికొస్తుందో తెలియాలంటే ఏ బడిలోనైనా ఈ చిన్న ప్రయోగం చేయొచ్చు. బోర్డు మీద సులువైన ఇంగ్లిష్‌లో మూడే మూడు వాక్యాలు రాయాలి. తెలుగులో చెప్పుకుంటే అవి ఇలా ఉంటాయి: “నాన్న అరటిగెలలు లారీకెక్కించి ఇంటికొచ్చాడు. రేటు ఎంత పలికిందని అమ్మ అడగలేదు. రాత్రి కంచం ముందు కూర్చుని నాన్న చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.”

మొదటి ప్రశ్న: నాన్న లారీకి ఏం ఎక్కించాడు? అన్ని చేతులూ లేస్తాయి. రెండో ప్రశ్న: అరటికి మంచి రేటు వచ్చిందా? ఇక్కడ తరగతి సద్దుమణుగుతుంది. చివరికి ఎవరో ఒకరు లేస్తారు.

“సార్, రేటు సంగతి పేరాలో యాడా లేదు గదా?”

“లేదు నాయనా. మరి నీకేమనిపించింది?”

“రాలేదు సార్.”

“లేనిది నీకెట్ల తెలిసింది?”

“వాళ్ల నాన్న అన్నం తినకుండా కలుపుతా ఉన్నాడు గదా సార్. వాళ్లమ్మ గూడా అడగల్యా.”

మహానంది చుట్టుపక్కల అరటి తోటల మధ్య పెరిగిన పిల్లలకు ఆ జవాబు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లు చూసిన ఇల్లే అది. వాళ్లకు నేర్పాల్సింది రెండే రెండు. మొదటిది, పేరాలో రాసి లేనిది కూడా పేరా చెప్తుందని. రెండోది, ‘నాకెందుకలా అనిపించింది’ అని తనను తాను అడిగి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించడం. బ్యాంకు పరీక్షలో ‘ఇన్ఫరెన్స్’ పేరుతో పిల్లలను బెదరగొట్టే ప్రశ్న ఇంతకంటే వేరేమీ కాదు.

దీనికి మరో వైపూ ఉంది. తనకు తెలిసినదాన్ని పేరాలోకి చొప్పించకూడదు. విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ చదివే విభాగంలో ఒక గంటలో 40 ప్రశ్నలుంటాయి. వాటిలో ‘ట్రూ, ఫాల్స్’తో పాటు ‘నాట్ గివెన్’ అనే మూడో జవాబు కూడా ఉంటుంది. వాక్యం లోకంలో నిజమే కావచ్చు, పేరాలో మాత్రం లేదు. అప్పుడు ‘ఇందులో చెప్పలేదు’ అని పెట్టాలి. పైన చెప్పిన అరటి పేరా కిందే ‘నాన్న అప్పులు చేశాడు’ అని రాసి ట్రూనా ఫాల్సా అని అడగండి. చాలామంది ట్రూ అంటారు. పేరాలో అప్పు మాటే లేదు. చదివింది ఎంత, మనం ఊహించుకుంది ఎంత అనే గీత గీయడం ఒక్క పరీక్షకు పనికొచ్చే విద్య కాదు. ఫోన్లో వచ్చే ప్రతి వార్త ముందూ అది కావాలి.

చైనా పిల్లలు ఏం సాధన చేస్తారు?

సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆగిపోయిన కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌ను చైనా 1977 చలికాలంలో మళ్లీ మొదలుపెట్టింది. పదేళ్ల పాటు పొలాల్లో, ఫ్యాక్టరీల్లో మగ్గిన యువతరం పుస్తకాల మీద పడింది. ఆ ఏడు పరీక్ష రాసింది 57 లక్షల మంది, సీటు వచ్చింది రెండు లక్షల డెబ్బై వేల మందికి. 2024లో ఆ పరీక్షకు పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఒక కోటీ 34 లక్షల మంది. జూన్ 7, 8 తేదీలంటే అక్కడ ప్రతి ఇంటికీ గుండె దడే.

గావ్‌కావ్‌లో ఇంగ్లిష్‌కు 150 మార్కులు. ఎక్కువ రాష్ట్రాల్లో వాడుతున్న కొత్త పేపర్లో వినడానికి 30, చదవడానికి 50, భాషా వాడకానికి 30, రాయడానికి 40. చదివే భాగంలో నాలుగు ప్యాసేజ్‌లు, 15 ప్రశ్నలు. మొదటిది చాలాసార్లు ప్రకటనో, కరపత్రమో, టైంటేబులో. తర్వాత ఒక మనిషి కథ, ఆపైన సైన్సు, సమాజం లాంటి విషయాలు. మెల్లమెల్లగా మెట్లెక్కిస్తారు.

ఆ తర్వాత వచ్చేదాన్ని మన ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవాలి. ఒక ప్యాసేజ్‌లో ఐదు ఖాళీలు ఇస్తారు. కింద ఏడు వాక్యాలుంటాయి. ఐదు సరిపోతాయి, రెండు సరిపోవు. ఏ వాక్యం ఏ ఖాళీలోదో తేల్చాలి. ఒక్క కష్టమైన మాట అర్థం తెలిసినంత మాత్రాన ఇది తేలదు. ముందు వాక్యంలో ‘ఇద్దరు’ అని ఉంటే వెనక ఎవరి పేర్లు రావాలి, ‘అయితే’ అని మొదలైతే ముందు ఏ మాటకు ఎదురు రావాలి అని చూసుకుంటూ పోవాలి. పేరా నడక పట్టుకోవడమే ఇందులో పని.

దీనికి ఖర్చు లేదు. ఇంగ్లిష్ పత్రికలో పిల్లలకు అందే చిన్న వార్త ఒకటి తీసుకుని, ఐదు వాక్యాలు కత్తెరతో కత్తిరించి, మరో వార్త నుంచి రెండు కలిపి బల్ల మీద పోస్తే చాలు. నలుగురు పిల్లలు తల పెట్టి వాదించుకుంటారు. ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. వాదించుకున్న పావుగంటలో ఆ వార్తను వాళ్లు పదిసార్లు చదివి ఉంటారు.

చైనా పద్ధతిలో మనం తెచ్చుకోకూడనిది కూడా ఉంది. ఒక్క పరీక్ష మీద బతుకంతా పందెం కాయడం, రాత్రి పొద్దుపోయేదాకా పేపర్ల మీద పేపర్లు రాయించడం మన కార్పొరేట్ కాలేజీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తెచ్చుకోవాల్సింది ప్రశ్న తయారుచేసే నేర్పు, తేలిక నుంచి బరువుకు నడిపించే ఓర్పు.

మన నేల మీదే పుట్టిన సాధన

చదివి అర్థం చేసుకోవడం పరాయి దేశపు పరీక్షల కోసం ఇప్పుడు దిగుమతైన విద్య అనుకుంటే పొరపాటు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ సంగతే తీసుకోండి. మన కోవెలకుంట్ల ప్రాంతం అప్పుడు కడప జిల్లాలోదే. కంపెనీ దొరలు తెలుగు పరీక్ష నెగ్గాలి. వ్యాకరణం వల్లించినంత మాత్రాన రైతు అర్జీ అర్థం కాదని బ్రౌన్‌కు తెలుసు. అందుకే 1850ల మొదట్లో ‘తెలుగు రీడర్’ అచ్చువేశాడు. అందులో జనం రాసుకున్న ఉత్తరాలు, పోలీసు కాగితాలు, రెవెన్యూ వ్యవహారాలు పెట్టి, పక్కన ఇంగ్లిష్ అనువాదం, వివరణలు ఇచ్చాడు. మన భాష నేర్చుకోవాల్సిన పరదేశీయుల చేత ఆయన చేయించిన సాధన ఇది: నిజమైన కాగితం చేతికివ్వు, చదివించు, అర్థం చెప్పించు.

వందేళ్ల కిందట ఢాకా టీచర్స్ ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలను దగ్గరగా చూశాడు. 1926లో వచ్చిన ఆయన పుస్తకం ‘బైలింగ్వలిజం’లో ఒక ప్రశ్న ఉంది. పిల్లవాడు చదువు మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో చేతికి మిగిలేదెంత? బీమా పాలసీకి ఉన్నట్టే దానికీ ‘సరెండర్ వాల్యూ’ ఉండాలన్నాడు. మాట్లాడటం సగంలో ఆగితే మరిచిపోతారు, చదవడం వస్తే మాత్రం సొంతంగా ముందుకు పోగలరని ఆయన వాదన. అందుకే మౌనంగా చదువుకునే, తక్కువ మాటలతో మొదలై మెల్లగా పెరిగే రీడర్లు తయారుచేశాడు. ప్రపంచమంతా ఇవాళ వాడుతున్న గ్రేడెడ్ రీడర్లకు మొదలు బెంగాల్ తరగతి గదే. పదో తరగతితో చదువు ఆగిపోయే పిల్లలు ఇంకా ఉన్న మన మండలాలకు వెస్ట్ ప్రశ్న పాతబడలేదు.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారత పాఠశాలల్లో చేసిన ప్రయోగానికి బెంగళూరు ప్రాజెక్టు అని పేరు. గ్రామర్ పాఠం పక్కన పెట్టి, రైలు టైంటేబుల్ ఇచ్చి ‘ఏ బండి ఎక్కితే పొద్దుగూకకముందు ఊరు చేరతావు’ అని అడగడం ఆయన పద్ధతి. మ్యాపులు, పట్టికలు అలాగే వాడాడు. జవాబు కనుక్కునే తొందరలో పిల్లలు ఇంగ్లిష్ చదువుతున్నామన్న భయమే మరిచిపోయేవారు. మనకూ గాజులపల్లె స్టేషనుంది, నంద్యాల జంక్షనుంది. నంద్యాల, గుంటూరు మధ్య బండ్ల టైంటేబుల్ ప్రింటు తీసి ఏడో తరగతికిస్తే నలభై నిమిషాల పాఠానికి సరిపోతుంది.

తెలిసిన విషయం తోడుంటే

పేరా అర్థమవడానికి రెండు కావాలి. ఒకటి మాటలు తెలియాలి. భాషా పరిశోధకుడు పాల్ నేషన్, ఆయన సహచరులు చేసిన పనిలో తేలిందేమిటంటే, ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. వందలో రెండు తెలియకపోతే ఊహించుకోవచ్చు, పది తెలియకపోతే చదవడం కాదు, చీకట్లో నడక. మన దగ్గర జరుగుతున్నది రెండోదే. పేజీలో ఇరవై మాటలు తెలియని పుస్తకం ఇచ్చి, ప్రతి మాట కింద పెన్సిలుతో తెలుగు అర్థం రాయిస్తున్నాం. ఆ అర్థాల వరసను చదివితే పేరా రాదు.

రెండోది విషయం తెలియాలి. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడి ఉన్నా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. ఇందులో మన పల్లె పిల్లలకు గొప్ప ధైర్యం ఉంది. లండన్ మెట్రో గురించిన పేరా దగ్గర తడబడే పిల్ల పత్తి చేను గురించిన పేరా దగ్గర తలెత్తుకుంటుంది. కాబట్టి మొదటి వంద పేజీలు తెలిసిన లోకం నుంచే రావాలి. మహానంది కోనేరు నుంచి పారే నీటి గురించి, ఆళ్లగడ్డ శిల్పులు రాయిని దేవుడిగా మలిచే పని గురించి, అహోబిలం కొండదారి గురించి, నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో పుట్టిన వరి, పత్తి వంగడాల గురించి ఒక్కో పేజీ ఇంగ్లిష్‌లో రాసి ఇవ్వగల టీచర్లు మన మండలాల్లోనే ఉన్నారు. మహానంది దగ్గరే వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు తలా ఒక పేజీ రాసినా చుట్టుపక్కల బడులకు ఒక రీడర్ తయారవుతుంది.

తర్వాత కావలసింది పుస్తకాల రాశి. 1980లో ఫిజీ దీవుల్లోని పల్లె బడుల్లో ఎలీ, మంగుభాయ్ అనే ఇద్దరు నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కో గదికి 250 ఇంగ్లిష్ కథల పుస్తకాలు పెట్టించారు. ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. రోజూ కొద్దిసేపు చదవనిచ్చారు, టీచర్లు చదివి వినిపించారు. ఆ పిల్లలు మామూలు పాఠాలతో నడిచిన తరగతుల కంటే రెట్టింపు వేగంతో ముందుకు పోయారు.

మనకు ఆ ఏర్పాటు చట్టం రూపంలోనే ఉంది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటి వాళ్లు గ్రంథాలయోద్యమాన్ని ఊరూరా నడిపితే, ఆ తర్వాత 1960లో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకు దొరికే చోటు పన్నెండేళ్ల పిల్లల ఇంగ్లిష్ కథల పుస్తకాలకు దొరకడం లేదు. అడగాల్సింది మనమే.

మందు డబ్బాతో పాటు వచ్చే కాగితం

పత్తికో మిరపకో పురుగుమందు కొంటే డబ్బాతో పాటు మడతలు పెట్టిన సన్నని కాగితం వస్తుంది. చాలా ఇళ్లలో అది గట్టు మీదే గాలికి పోతుంది. దాన్ని పదో తరగతి గదిలోకి తీసుకురండి. అంతకంటే మంచి అన్‌సీన్ ప్యాసేజ్ దొరకదు.

అందులో పట్టిక ఉంటుంది. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మందు, ఎంత నీటిలో అని గడులు. మోతాదు హెక్టారు లెక్కన ఇస్తారు. మన రైతు లెక్క ఎకరాల్లో. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాగితం మీద 500 మిల్లీలీటర్లు అని ఉంటే ఎకరాకు పడాల్సింది దాదాపు 200. పట్టిక పైనున్న చిన్న అక్షరాల ‘పర్ హెక్టార్’ చదవకుండా అంకె ఒక్కటే చూసినవాడు రెండున్నర రెట్లు పోస్తాడు. ఖర్చూ అంతే పెరుగుతుంది, నేలకూ మనిషికీ చేటూ అంతే. చివరి గడిలో ‘వెయిటింగ్ పీరియడ్’ అని రోజుల లెక్క ఉంటుంది. ఆఖరి పిచికారీకి, కోతకు మధ్య అన్ని రోజులు ఆగాలని దాని అర్థం. డబ్బా మీది గుర్తులో రంగు కూడా చదవాల్సిందే: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, చివర ఆకుపచ్చ.

ఇప్పుడు ప్రశ్నలు వేయండి. మూడెకరాలకు ఎంత మందు కావాలి? సోమవారం కొడితే కాయ ఎప్పుడు కోయొచ్చు? మందు కళ్లలో పడితే ముందు ఏం చేయాలి? ఈ పంట పేరు పట్టికలో లేకపోతే ఈ మందు కొట్టవచ్చా? ఇందులో వివరం వెతికే ప్రశ్న ఉంది, పట్టిక చదివే ప్రశ్న ఉంది, లెక్క ఉంది, చెప్పని మాట గ్రహించే ప్రశ్న ఉంది. సాయంత్రం ఆ పిల్ల ఇంటికెళ్లి నాన్నకు ఆ కాగితం చదివి చెప్తుంది. చదువు ఎందుకని ఆ ఇంట్లో ఇంకెవరూ అడగరు.

తెలుగులో రానిది ఇంగ్లిష్‌లో రాదు

14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో జరిగిన ‘అసర్’ సర్వేకు దేశంలో 28 జిల్లాలను తీసుకున్నారు. మన దగ్గర శ్రీకాకుళం, పక్క రాష్ట్రంలో ఖమ్మం అందులో ఉన్నాయి. ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలో అర్థం చెప్పగలిగినవాళ్లు నాలుగింట మూడు వంతులు. అంతకంటే కలవరపెట్టే సంగతి, సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని గడగడా చదవలేనివాళ్లు దాదాపు నాలుగో వంతు ఉన్నారు. మాతృభాషలో పేజీ చదవలేని పిల్లవాడి ముందు ఇంగ్లిష్ పేజీ పెట్టి ఆశలు పెట్టుకోవడం వాడికి అన్యాయం.

ఈ సాధన తెలుగులోనే మొదలుపెట్టాలనడానికి మన కళ్ల ముందే ఒక పరీక్ష ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా పిల్లలు బనవాసి నవోదయలో ఆరో తరగతి సీటు కోసం రాసే పరీక్షలో భాషా విభాగమంటే నాలుగు ప్యాసేజ్‌లు, 20 ప్రశ్నలు, 25 మార్కులు. దాన్ని తెలుగులో రాయొచ్చు. అంటే ఐదో తరగతి పిల్లను అడిగేది కూడా చూడని పేరానే. ఆ పరీక్షకు తయారైన పిల్ల సీటు రాకపోయినా చదవడం నేర్చుకుంటుంది.

మన ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలున్నాయి. వాటిని పిల్లలు ఇప్పుడు తెలుగు పేజీ చదివి ఇంగ్లిష్ పేజీ బట్టీపట్టడానికి వాడుతున్నారు. కాస్త మార్చితే చాలు. ముందు తెలుగు పేజీ మీద కాగితం కప్పి ఇంగ్లిష్ పేజీ చదవాలి. ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పాలి. అప్పుడు కాగితం తీసి సరిచూసుకోవాలి. ఎక్కడ తప్పామో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎదురు పేజీ చెప్తుంది.

ఒక భాషలో గట్టిగా చదివినవాళ్లకు ఇంకో భాష బెదురు కాదనడానికి నంద్యాల ఓటర్లకు బాగా తెలిసిన పెద్దమనిషే సాక్ష్యం. 1991 ఉప ఎన్నికలో ఇక్కడి నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లిన ప్రధాని పి.వి. నరసింహారావు విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చారు, మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చారు.

రోజుకు ఒక పేజీ: ఇలా చేయండి

సమయం: ఇరవై ఐదు నిమిషాలు. కావలసినవి: ఒక కొత్త పేజీ, పెన్సిలు, నోటు పుస్తకం.

మొదటి చదువు: ఆగకుండా, నోరు కదపకుండా, డిక్షనరీ తీయకుండా చివరిదాకా చదవండి. అర్థంకాని మాటను దాటిపోండి. పేజీ మూసి, ఏముందో తెలుగులో రెండు వాక్యాలు చెప్పండి.

రెండో చదువు: ఇప్పుడు పెన్సిలు పట్టండి. ‘బట్’, ‘హవెవర్’, ‘బికాజ్’, ‘ఓన్లీ’ లాంటి మలుపుల కింద గీత గీయండి. తెలియని మాటకు ముందూ వెనకా చూసి అర్థం ఊహించండి. ఆ తర్వాతే డిక్షనరీ.

ప్రశ్నలు మీరే వేయండి: పేరాలో నేరుగా జవాబున్నది ఒకటి, పేరా చెప్పకనే చెప్పేది ఒకటి, మొత్తం పేరా దేని గురించి అనేది ఒకటి. పక్కవాళ్లతో మార్చుకుని జవాబులు రాయండి. ప్రతి జవాబు పక్కన ఏ వాక్యం ఆధారమో నంబరు వేయండి.

తప్పుల నోటు: జవాబు తప్పితే సరైనది రాసుకుని ఊరుకోవద్దు. తప్పు జవాబు ఎందుకు నిజమనిపించిందో ఒక వాక్యం రాయండి. నెలకొకసారి ఆ నోటు తిరగేస్తే మీ అలవాటైన పొరపాటు కనబడుతుంది.

వారానికోసారి: గావ్‌కావ్ పద్ధతిలో ఐదు ఖాళీలు, ఏడు వాక్యాలు.

తల్లిదండ్రులకు: మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. రాత్రి అన్నాలప్పుడు, ‘ఇయ్యాల ఏం చదివినావు, చెప్పు నాయనా’ అని అడగండి. పిల్లవాడు తడుముకోకుండా తెలుగులో చెప్పగలిగాడంటే పేజీ అర్థమైనట్టే.

ఎవరి వంతు ఏమిటి?

ఇప్పుడు జరుగుతున్నదేమిటో ఉన్నదున్నట్టు చూద్దాం. జనవరి రాగానే పదో తరగతికి స్టడీ అవర్లు మొదలవుతాయి. మోడల్ పేపర్లు, పాత పేపర్లు, స్లిప్ టెస్టులు వరసగా రాయిస్తారు. అన్‌సీన్ ప్యాసేజ్‌ను కూడా ‘వచ్చే అవకాశమున్న ప్యాసేజ్‌లు’ అని అచ్చేసి బట్టీ పట్టిస్తున్న మెటీరియల్ ఉంది. పరీక్ష కొలిచి చూపిస్తుంది, నేర్పదు. మహానంది కోనేటి గట్టున ఎన్నిసార్లు లోతు కొలిచినా నీళ్లలో దిగకుండా ఈత రాదు.

చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ఆరో తరగతి నుంచి వారానికి ఒక్క ఇంగ్లిష్ పీరియడ్, ఒక్క తెలుగు పీరియడ్ చదవడానికే వదిలేయాలి. ఆ గంటలో నోట్సు ఉండదు, హోంవర్క్ ఉండదు. టీచరు కూడా పిల్లలతో పాటు చదవాలి. సోషల్, సైన్స్ టీచర్లు పాఠం వివరించే ముందు ఒక పేరా పిల్లల చేతే చదివించి, వాళ్లకు ఏం అర్థమైందో ముందు వినాలి. మండలంలోని టీచర్లు తమ కాంప్లెక్స్ సమావేశాల్లో స్థానిక విషయాల మీద రాసిన పేజీలను పంచుకోవాలి. నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం సాధించిన యువతీయువకులు ఒక్క ఆదివారం తమ ఊరి బడికెళ్లి, తాము ఆర్‌సీలో ఎక్కడ తప్పులు చేశారో, ఎలా దిద్దుకున్నారో పిల్లల ముందు ఒక పేరా చదివి చూపించాలి. శాఖా గ్రంథాలయాల్లో పిల్లల ఇంగ్లిష్, తెలుగు పుస్తకాలకు ఒక బీరువా కేటాయించమని గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. గ్రంథాలయ పన్ను మనం కడుతున్నదే.

పేరా చదివి అర్థం చేసుకోవడం వచ్చిన పిల్లకు సిలబస్ మారినా, బోర్డు మారినా, మీడియం మారినా భయం ఉండదు. పొలం పాసుపుస్తకం, ఆసుపత్రి చీటీ, బ్యాంకు లోను కాగితం, ఉద్యోగ నోటిఫికేషన్, కోర్టు నోటీసు ఏదొచ్చినా ఎవరి గుమ్మం ముందూ నిలబడి ‘ఇందులో ఏముందో చూసి చెప్పండి సార్’ అని అడగాల్సిన పని రాదు. మన ముందు తరాలకు ఆ గుమ్మాల దగ్గర ఎంత పోయిందో ఈ సీమ పల్లెలకు తెలుసు. ఈ వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి ఆరో తరగతి పిల్ల చేతికీ ఒక కొత్త పేజీ ఇద్దాం. చదివి, తనకు అర్థమైంది తన మాటల్లో చెప్పేదాకా ఓపిగ్గా విందాం.